ఏడిళ్ళు తిరిగి మీ గుమ్మం ఎక్కిన పిల్లి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మూడు, నాలుగు తరగతుల పిల్లలకు ఇంగ్లీషు రచయిత కిప్లింగ్ రాసిన పిల్లి కథ చెప్పాలనుకుంటున్నాను. అడవిలో ఒంటరిగా తిరిగే పిల్లి మనిషి గుహలో చోటు సంపాదించుకునే కథ. చాలా పెద్దది. ఎక్కడ కుదించాలి? ‘ఇది నిజంగా జరిగిందా టీచర్’ అని అడిగితే ఏం చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

ఇది 1902లో వచ్చిన ‘జస్ట్ సో స్టోరీస్’లోని కథ. కుదించే ముందు దాని కట్టడం చూడండి. చాలామంది కుక్క, గుర్రం, ఆవు వచ్చే భాగాన్ని రెండు ముక్కల్లో తేల్చేసి నేరుగా పిల్లి దగ్గరికి వెళ్ళిపోతారు. అక్కడే కథ చప్పబడిపోతుంది. కుక్క ఎముక కోసం, గుర్రం గడ్డి కోసం వచ్చి తమ స్వేచ్ఛను ఇచ్చేస్తాయి. ఆవు గడ్డికి బదులు పాలిస్తానని ఒప్పుకుంటుంది. ఆ మూడూ లొంగిపోవడం పిల్లలు కళ్ళారా చూస్తేనే, దేనికీ లొంగకుండా లోపలికి రావాలనుకున్న పిల్లి తెలివి వాళ్ళకు అందుతుంది. అందుకని ఆ మూడు ఘట్టాలూ ఉంచండి. ఒక్కొక్కటి రెండు నిమిషాలు దాటనివ్వకండి. గొర్రె భుజం ఎముక పట్టుకుని గుహలోని స్త్రీ మంత్రం వేసే వర్ణనలు తగ్గించుకోవచ్చు. మొత్తం ఇరవై అయిదు నిమిషాల్లో ముగుస్తుంది.

కథకు ప్రాణం ఒప్పందంలో ఉంది. ఆ స్త్రీ నోట ఒక మెచ్చుకోలు మాట వస్తే పిల్లి గుహలోకి రావచ్చు. రెండోది వస్తే మంట పక్కన కూర్చోవచ్చు. మూడోది వస్తే రోజుకు మూడుసార్లు పాలు తాగవచ్చు. ఈ మూడింటినీ బల్లమీద రాసిపెట్టి, ఒక్కో మాట నెగ్గినప్పుడల్లా ఒక పిల్లవాణ్ణి పిలిచి టిక్కు పెట్టించండి. మొదటిది ఏడుస్తున్న పసిబిడ్డను నవ్వించినందుకు వస్తుంది. రెండోది కదురు బిళ్ళకు దారం కట్టి నేలమీద లాగించి, ఆ తర్వాత గురగురలాడుతూ బిడ్డను నిద్రపుచ్చినందుకు. మూడోది ఎలుకను పట్టినందుకు. ‘నేను నా దారిన తిరిగే పిల్లిని, నాకు అన్ని చోట్లూ ఒకటే’ అనే అర్థం వచ్చే పల్లవిని మీరే ఒక లయలో కట్టుకుని, అది వచ్చిన ప్రతిసారీ తరగతి మొత్తం చేత అనిపించండి. పల్లవి పిల్లల నోట్లో ఉంటే మధ్యలో ఒక్కరూ కదలరు.

రెండు చోట్ల జాగ్రత్త. కథ చివర మగవాడు పిల్లి మీదికి చెప్పులు, గొడ్డలి విసురుతాడు, కుక్క తరిమి చెట్టెక్కిస్తుంది. అక్కడితో వదిలేస్తే మర్నాడు బడి వెనక పిల్లిమీద రాళ్ళు పడతాయి. ఆ ఘట్టం చెప్పండి, కానీ వెంటనే ఆగి ‘పిల్లి ఏ మాట తప్పింది?’ అని అడగండి. ఏ మాటా తప్పలేదని పిల్లలే చెబుతారు. రెండోది దారం. కథ విన్న పిల్లలు ఇంటికెళ్ళి పిల్లికి దారపు ఉండ ఇస్తారు. పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన ముళ్ళుంటాయి కాబట్టి నోట్లోకెళ్ళిన దారాన్ని ఉమ్మలేదు, మింగేస్తుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని మిగతాది పేగుల్లోకి దిగితే, పేగు ముడతలు పడి దారమే దాన్ని కోసేస్తుంది. ఆపరేషన్ లేకుండా బతకడం కష్టం. కర్రకు గుడ్డపేలిక కట్టి ఆడించమనండి, ఆట అయ్యాక బీరువాలో పెట్టమనండి. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే లాగకూడదు.

నిజంగా జరిగిందా అంటే, గుహ, మంత్రం కల్పన. కానీ పిల్లిని ఎవరూ పట్టి తెచ్చి మచ్చిక చేయలేదన్న అసలు సంగతి నిజానికి చాలా దగ్గర. పశ్చిమాసియాలో మనుషులు ధాన్యం నిల్వ చేయడం మొదలుపెట్టాక గాదెల్లో ఎలుకలు చేరాయి. వాటికోసం అడవి పిల్లులు ఊళ్ళ అంచుకొచ్చాయి. మనుషులంటే తక్కువ బెదిరేవి అక్కడే నిలిచిపోయాయి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధిలో ఒక మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికింది. ఆ దీవిలో అడవి పిల్లులు సహజంగా లేవు, అంటే ఎవరో పడవలో తీసుకెళ్ళారు. పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి, కథకన్నా ఎక్కువ ప్రశ్నలు దీనిమీదే వస్తాయి.

నెల రోజులుగా ఒక పెద్ద పిల్లి మా పెరట్లోకి వస్తోంది. పాలు పోస్తే తాగుతోంది, దగ్గరికెళితే గోడ దూకుతోంది. పిల్లలు ఇంట్లో పెంచుకుందామంటున్నారు. ఎలా మచ్చిక చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

ముందు అది ఎవరిదో కాదని తేల్చుకోండి. దగ్గరికి రానిచ్చే రోజు వచ్చాక, వేలెడు వెడల్పు కాగితం పట్టీ మీద ‘ఈ పిల్లి మీదా?’ అని ఫోన్ నంబరుతో రాసి, రెండు వేళ్ళు దూరేంత వదులుగా మెడ చుట్టూ అంటించండి. ఎక్కడైనా తగులుకుంటే చిరిగిపోవాలి కాబట్టి కాగితమే వాడాలి, దారం కట్టకూడదు. వారం దాకా ఫోన్ రాకపోతే మీదే అనుకోవచ్చు. చెవి కొస ఒకటి తిన్నగా కోసినట్టుంటే అది దెబ్బ కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి గుర్తు.

పాలు ఆపండి. కథల్లో ప్రతి పిల్లికీ గిన్నెడు పాలు దొరుకుతాయి గాని, తల్లిపాలు మానేశాక ఎక్కువ పిల్లులకు పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. ఇష్టంగానే తాగుతాయి, తర్వాత విరేచనాలవుతాయి. పాల బదులు రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసమో, పిల్లుల కోసం అమ్మే గుళికల మేతో పెట్టండి. పావుగంట తర్వాత గిన్నె తీసేయండి. రోజంతా గిన్నె అక్కడే ఉంటే అది మీకోసం రాదు, గిన్నెకోసం వస్తుంది. పైగా చీమలు, ఊళ్ళో మగపిల్లులన్నీ చేరతాయి.

మొదట పది అడుగుల దూరంలో కూర్చోండి, నిలబడొద్దు. కళ్ళలోకి గుచ్చి చూడొద్దు. అది మీవైపు చూసినప్పుడు మెల్లగా కళ్ళు మూసి తెరవండి, పిల్లుల భాషలో అది స్నేహం. రోజుకో అడుగు గిన్నెను మీవైపు జరపండి. అదే వచ్చి మీ కాలికి బుగ్గ రుద్దే వరకు చెయ్యి చాపవద్దు. చాపాక కూడా మొదట తల పక్కన, గడ్డం కింద మాత్రమే. పొట్ట ముట్టుకుంటే గీరుతుంది. ఇక్కడ చెడేదల్లా పిల్లల తొందరవల్లే. ఒక్కసారి దుప్పటి కప్పి పట్టుకుంటే నెల రోజుల నమ్మకం పోతుంది.

ఇంతలో మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టో, పిల్లుల పంజరమో తెచ్చి తలుపు తీసి గిన్నె పక్కనే ఉంచండి. లోపల పాత చీర ముక్క పరవండి. తర్వాత గిన్నెను బుట్ట లోపలికి మార్చండి. వారం పది రోజులు తానే లోపలికెళ్ళి తిన్నాక ఒకరోజు తలుపు మూయండి. అక్కడినుంచి ఇంటికి కాదు, నేరుగా పశువైద్యుడి దగ్గరికి.

ఇంటికొచ్చాక ఇల్లంతా ఒకేసారి చూపించాలన్న ఆశ వద్దు. పెద్ద ఇల్లు కొత్త పిల్లికి భయం. ఒక్క గది చాలు. అందులో ఒక మూల బోర్లించి తలుపు కోసిన అట్టపెట్టె, దానికి ఎదుటి మూల ఇసుక తొట్టి, మూడో మూల తిండి, కాస్త ఎడంగా నీళ్ళు. తిండి పక్కనే తొట్టి పెడితే ఒకటి మానేస్తుంది. తొట్టి పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, అందులో ఇసుక రెండు మూడు అంగుళాలు. జల్లించిన నది ఇసుక చాలు. పెరటి పిల్లికి అలవాటైన వాసన కోసం మొదటి వారం అందులో గుప్పెడు తోటమట్టి కలపండి. అందులోని మలమూత్రాలు రోజుకు రెండుసార్లు తీసేయాలి. పిల్లి పక్కమీద ఒంటికి పోసిందంటే పొగరు కాదు, తొట్టి మురికిగానైనా ఉంది, మనుషులు తిరిగే దారిలోనైనా ఉంది, మూత్రంలో మంటైనా ఉంది. మగపిల్లి మాటిమాటికి తొట్టెక్కి కూర్చుని చుక్క కూడా పోయలేకపోతుంటే మూత్రనాళం మూసుకుపోయినట్టు. ఆ రాత్రే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

మొదటి రోజు తినకపోవడం మామూలే. రెండో రోజూ ముట్టకపోతే మాత్రం వైద్యుడికి చూపించండి. తిండి లేకుండా రోజులు గడిస్తే పిల్లి ఒంట్లో కొవ్వంతా కాలేయంలో పేరుకుంటుంది. బొద్దుగా ఉన్నవాటికి ఇది ఇంకా ప్రమాదం. గదిలోంచి తానే బయటకొచ్చి మీ వెంట తిరగడానికి కొన్నింటికి మూడు రోజులు, కొన్నింటికి మూడు వారాలు పడుతుంది. మూడు నాలుగు వారాలు పూర్తయ్యేదాకా పెరట్లోకి వదలొద్దు. పుట్టినప్పటినుంచి మనిషి చెయ్యి ఎరగని పిల్లి ఎన్నటికీ ఒళ్ళో కూర్చోకపోవచ్చు. అలాంటిదాన్ని బలవంతంగా గదిలో పెట్టకుండా, ఆపరేషన్ చేయించి, పెరట్లోనే వేళకింత పెట్టి చూసుకోవడం దానికి మంచిది.

ఒక మాట. ఇంటి నేల ఫినాయిలుతో తుడిచే అలవాటుంటే మానుకోండి. పిల్లి కాళ్ళకు అంటినది నాకుతుంది, దాని కాలేయం అలాంటి రసాయనాలను విరిచి బయటికి పంపలేదు. కర్పూరం, వేపనూనె ఒంటికి రాయడమూ అంతే. జ్వరమని మనం వేసుకునే పారాసిటమాల్ ముక్క వేస్తే ప్రాణం పోతుంది, సగం మాత్ర కూడా ఎక్కువే.

మా అటకమీద పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. నిన్న ఒక దాన్ని ఎటో తీసుకెళ్ళింది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, నిజమేనా? మిగతావాటిని మేం కిందికి దించి పాలు పట్టవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

ఏడు అనే లెక్క లేదు గాని, తిప్పడం నిజం. గూడు చుట్టూ మనుషుల అలికిడి పెరిగినా, పక్క మురికై వాసన కొట్టినా, మగపిల్లి ఆ దారిన వచ్చినా తల్లి మకాం మారుస్తుంది. కూనలకు మూడు నాలుగు వారాలు వచ్చి పాకడం మొదలుపెట్టాక ఇంకా ఎక్కువ. మెడ వెనక తోలు పట్టి ఎత్తగానే కూన కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది, అందుకే ఒక్కొక్కటిగా మోసుకెళ్ళగలుగుతుంది. ఒకదానికీ మరోదానికీ మధ్య గంటల ఎడం ఉండొచ్చు. మిగిలినవి అనాథలైపోయాయని మీరు దించేస్తే, తిరిగొచ్చిన తల్లి వాటికోసం ఇల్లంతా అరుస్తూ తిరుగుతుంది. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్న మాట మాత్రం నిజం కాదు. ముట్టుకున్నందుకు వదలదు, అలికిడికి మకాం మారుస్తుంది.

దూరం నుంచి చూడండి. కూనలు ఒకదానిమీద ఒకటి పడుకుని, పొట్టలు గుండ్రంగా ఉండి, నిశ్శబ్దంగా ఉంటే తల్లి వస్తున్నట్టే. ఆగకుండా అరుస్తూ, ఒళ్ళు చల్లబడి, మురికిగా, చీమలు పట్టి ఉంటేనే మీ పని మొదలవుతుంది. అటక ఎండకు కాలిపోతుంటే, గూటిని ఉన్నదున్నట్టు గంపలోకెత్తి నీడన, అయిదారడుగుల దూరంలోపే పెట్టండి. తల్లికి ఒక్క మాంసం గిన్నె, నీళ్ళు దగ్గరలో పెడితే అది మకాం మార్చే అవసరం సగం తగ్గుతుంది. పాలిచ్చే పిల్లికి మామూలు కన్నా రెండు మూడింతల తిండి కావాలి.

తల్లి నిజంగానే రాకపోతే వయసు గుర్తించండి. కళ్ళు మూసి ఉంటే వారం పది రోజులలోపు, కళ్ళు తెరిచి చెవులు ఇంకా నక్కి ఉంటే రెండు వారాలు, చెవులు నిక్కి ముందుపళ్ళు కనిపిస్తే మూడు వారాలు దాటాయి. వంటింటి త్రాసు మీద తూచండి. పుట్టినప్పుడు 100 గ్రాములు అటూ ఇటూ ఉంటాయి, రోజుకు 10–15 గ్రాములు పెరగాలి. రెండు రోజులు వరసగా పెరగకపోతే ఏదో తేడా ఉంది.

అన్నిటికన్నా ముందు వెచ్చదనం. చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు, కడుపులోనే పులిసి చనిపోతుంది. గోరువెచ్చని నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టండి. వేడెక్కితే అది జరిగి పోవడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి. మొదటి వారం గూడు 30–32 డిగ్రీలు ఉండాలి. తర్వాత పిల్లికూనల పాలపొడి, మందుల షాపుల్లోనూ పెంపుడు జంతువుల సామాన్ల దుకాణాల్లోనూ దొరుకుతుంది. డబ్బామీద కొలత తప్పకండి. ఆవుపాలలో వాటికి కావలసినంత మాంసకృత్తులు, కొవ్వు ఉండవు. మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, మూడో వారానికి నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా.

చంటిపిల్లలకు పట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు. ఎక్కువ కూనలు పోయేది ఇక్కడే. పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా వస్తుంది. బోర్లా, తల కొంచెం పైకి, తల్లి దగ్గర ఎలా తాగుతుందో అలా ఉంచండి. సిరంజి అయితే చుక్కచుక్కగా, మింగడం చూస్తూ. ముక్కులోంచి పాలు వస్తే ఆపేయాలి. పాలు పట్టిన ప్రతిసారీ తడిపిన దూదితో పొట్ట కింద, తోక కింద మెల్లగా రాయాలి. మూడు వారాలలోపు కూన తనంతట తాను మూత్రం పోయలేదు, తల్లి నాకడం వల్లే పోస్తుంది. నాలుగో వారంలో పాలపొడిలో నానబెట్టిన మేత పళ్ళెంలో పెట్టడం మొదలుపెట్టండి. ఇసుక తొట్టి కూడా అప్పుడే, పొట్టి అంచు ఉన్నది. తడిస్తే గడ్డకట్టే రకం ఇసుక చిన్నవాటికి వాడొద్దు, నోట్లో వేసుకుంటాయి.

రెండు నుంచి ఏడు వారాల మధ్య మనుషుల చేతులు అలవాటైన కూన జీవితాంతం మనిషిని నమ్ముతుంది. తల్లి ఉన్నా సరే, మూడో వారం దాటాక రోజూ కాసేపు చేతిలోకి తీసుకోండి. ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ఎనిమిది వారాలు నిండాకే.

మాది శాకాహార కుటుంబం. వీధి పిల్లి పిల్ల ఒకటి చేరింది. పెరుగన్నం బాగా తింటోంది. అలాగే పెంచవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

తినడం వేరు, సరిపోవడం వేరు. టారిన్ అనే పదార్థాన్ని కుక్క, మనిషి తమ ఒంట్లో తయారు చేసుకోగలరు, పిల్లి తగినంత చేసుకోలేదు. అది మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో, పప్పులో ఉండదు. లోపిస్తే కంటి లోపలి పొర దెబ్బతిని చూపు పోతుంది, గుండె కండరం సాగి బలహీనమవుతుంది. ఇదంతా నెలల తరబడి పైకి ఏమీ తెలియకుండా జరుగుతుంది, అందుకే ‘మా పిల్లి పెరుగన్నంతోనే బానే ఉంది’ అన్న మాట ఎక్కువ ఇళ్ళల్లో వినిపిస్తుంది. క్యారెట్టు నుంచి విటమిన్ ‘ఎ’ తీసుకోవడం కూడా పిల్లికి చేతకాదు.

మీ వంటింట్లోకి మాంసం తేవాల్సిన పనిలేదు. పిల్లుల కోసం తయారుచేసిన గుళికల మేతలో ఇవన్నీ కలిపి ఉంటాయి. డబ్బామీద ‘సంపూర్ణాహారం’ అన్న అర్థం వచ్చే మాట ఉండాలి. కుక్కల మేత పనికిరాదు. నాలుగు కిలోల పెద్ద పిల్లికి రోజుకు 50–60 గ్రాములు, రెండు పూటలుగా. ఎదిగే పిల్లకు కూనల మేత, మూడు నాలుగు పూటలు. పెరుగన్నం నుంచి మార్చేటప్పుడు వారం పాటు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి, లేకపోతే విరేచనాలవుతాయి. గుళికలు తినే పిల్లికి నీళ్ళు ఎక్కువ కావాలి, తిండికి దూరంగా వెడల్పు గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతుంది. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర, సాంబారు అన్నం పెట్టకూడదు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మాంసాహారులకు కూడా ఒక మాట: ఎండుచేపల్లో ఉప్పు చాలా ఎక్కువ, పచ్చి చేపలు రోజూ పెడితే విటమిన్ బి1 తగ్గిపోతుంది, ఉడికిన ఎముక విరిగి గుచ్చుకుంటుంది.

పిల్లి, పాలు అనగానే గుర్తొచ్చే ఇంకో సంగతి. తెనాలి రామకృష్ణుడు పొగలు కక్కే పాలు పెట్టి పిల్లి చేత పాలంటేనే పారిపోయేలా చేశాడన్న కథ మన పిల్లలందరికీ తెలుసు. కథలో తమాషాగా ఉంటుంది గాని, కాలిన నాలుకతో పిల్లి రోజులపాటు తినలేదు. ఆ కథ చెప్పినప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి.

కొత్తగా తెచ్చిన పిల్లి మా ఆరేళ్ళ బాబు చేతిమీద గీరింది. రక్తం కొంచెమే వచ్చింది. ఇంజెక్షన్ వేయించాలా? ఇంటి పిల్లే కదా అంటున్నారు.
– ఒక తల్లి, కరీంనగర్

వేయించాలి. నిన్నటిదాకా వీధిలో ఉన్న పిల్లి, టీకా పడని పిల్లి ఇంటిపిల్లి కాదు. ముందుగా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, చాలామంది రెండు నిమిషాలకే ఆపేస్తారు. పసుపు, సున్నం, కాఫీపొడి, కారం పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో ప్రభుత్వాసుపత్రికో వెళ్ళండి. చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా 0, 3, 7, 28 రోజుల్లో, కండరానికి ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే ప్రతిరక్షకాల మందు) కూడా కావాలేమో వైద్యుడిని అడగండి, మీరే అడగండి. టీటీ సంగతి కూడా.

పిల్లిని కొట్టి తరిమేయొద్దు. పది రోజులు గదిలో పెట్టి చూడాలి. పది రోజుల తర్వాత కూడా తింటూ, తిరుగుతూ ఆరోగ్యంగా ఉంటే గీరిన నాటికి దానికి రేబిస్ లేనట్టే, మిగిలిన డోసుల విషయం వైద్యుడు చెబుతారు. పారిపోయిన పిల్లి విషయంలో ఆ ధైర్యం ఉండదు. అదే కరిచి ఉంటే ఇంకో ప్రమాదం: పిల్లి కోర సూదిలా లోతుకు దిగి పైన చర్మం మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది. ఒక రోజులోపే వాచి ఎర్రబడి, వేలు మడవలేకపోతే ఆలస్యం చేయొద్దు. గీరిన రెండు మూడు వారాలకు చంకలో బిళ్ళ కట్టి జ్వరం వచ్చినా గీరిన సంగతి వైద్యుడికి చెప్పండి.

పిల్లి టీకాలు ఇలా: ఆరు–ఎనిమిది వారాల వయసులో మూడు జబ్బులకు కలిపిన టీకా మొదలు, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్ టీకా పన్నెండు వారాలకు. ఏడాదికి మళ్ళీ. నులిపురుగుల మందు మూడో వారం నుంచి రెండు వారాలకోసారి, మూడో నెల నుంచి ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. మందు బరువును బట్టి ఇవ్వాలి కాబట్టి తూచి తీసుకెళ్ళండి. గెంతే పురుగులకు కుక్కల మందు పిల్లిమీద వేయకూడదు. వాటిలో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి వణుకు, ఫిట్లు తెప్పించి చంపుతుంది.

ఇంతకుముందు మీ ఇంట్లో కూన ఏదైనా వాంతులు, విరేచనాలతో చనిపోయి ఉంటే, టీకాలు పూర్తికాని కొత్తదాన్ని ఏడాదిదాకా తేవద్దు. అలాంటి జబ్బు తెచ్చే వైరస్ గోడల్లో, నేలలో అంతకాలం బతుకుతుంది. ఫినాయిలుకు చావదు. బ్లీచ్ ద్రావణం 1 వంతుకు 32 వంతుల నీళ్ళు కలిపి, పదినిమిషాలు తడిగా ఉంచి కడగాలి. ఆరేదాకా ఏ పిల్లినీ రానివ్వకూడదు.

నేను గర్భిణిని. పిల్లిని వదిలేయమని అత్తయ్యగారు పట్టుబడుతున్నారు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

ఆవిడ భయం ఉత్తిది కాదు, విరుగుడు మాత్రం వేరు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావచ్చు, గర్భంలో బిడ్డకు హాని చేయవచ్చు. అయితే మలంలో పడ్డ వెంటనే అది అంటదు, అంటే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి తొట్టి రోజూ శుభ్రం చేసే ఇంట్లో ప్రమాదం చాలా తక్కువ. ఆ పని మీవారికి అప్పగించండి. తప్పనిసరైతే చేతి తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోండి. పిల్లికి పచ్చిమాంసం పెట్టకండి, ఇల్లు దాటనివ్వకండి. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, తోటమట్టి వల్ల ఇది వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ, అక్కడ కూడా అంతే జాగ్రత్త కావాలి. మీ వైద్యురాలిని రక్తపరీక్ష గురించి అడగండి. అత్తయ్యగారికి ఇంకో మాట చెప్పవచ్చు: తిండికీ నీటికీ అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఆపరేషన్ ఎప్పుడు? ఒక్క ఈతైనా పెట్టనివ్వాలంటారు.
– ఒక పాఠకుడు, అనంతపురం

అక్కర్లేదు. ఒక్క ఈత వల్ల ఆడపిల్లి ఆరోగ్యానికి ఏ మేలూ లేదు. నాలుగైదు నెలలకే చేయించవచ్చు, కొన్ని నాలుగో నెలలోనే ఎదకొస్తాయి. చూలు రెండు నెలల పైచిలుకు, 63–65 రోజులు. ఈతకు మూడు నుంచి అయిదు కూనలు. పాలిస్తుండగానే మళ్ళీ కట్టగలదు. మగవాటికి చేయిస్తే గోడలమీద మూత్రం చిమ్మడం, రాత్రి పోట్లాటలు చాలావరకు ఆగిపోతాయి. ఆపరేషన్ అయ్యాక పది రోజులు కుట్లు నాకనివ్వకూడదు.

ఇల్లు మారుతున్నాం, కొత్తది కిలోమీటరు దూరం. పిల్లి పాత ఇంటికే పారిపోతుందంటున్నారు.
– ఒక పాఠకురాలు, వరంగల్

కిలోమీటరు దగ్గర దూరం, తిరిగి వెళ్ళే అవకాశం ఉంది. సామాను ఎత్తే రోజు పొద్దున్నే పిల్లిని ఖాళీ బాత్‌రూములో పెట్టి తలుపుమీద ‘తీయొద్దు’ అని కాగితం అంటించండి. పిల్లులు తప్పిపోయేది ఎక్కువగా ఆ గందరగోళంలోనే. చివరి లారీ వెళ్ళాక బుట్టలో తీసుకెళ్ళండి. కొత్త ఇంట్లో ముందు ఒక్క గది. దాని పక్కగుడ్డ, మీరు కట్టి విడిచిన పాత చీర ఉతకకుండా అందులో పరవండి. పాత తొట్టిలోని ఇసుక కొంచెం కొత్తదానిలో కలపండి. కిటికీలకు, బాల్కనీకి తీగ వల బిగించండి. పావురాల కోసం కట్టే నైలాన్ వలను కొరికేస్తుంది.

నాలుగు వారాలు లోపలే. తర్వాత మొదటిసారి వదిలేటప్పుడు తిండి వేళకు ముందు, ఆకలిమీద ఉన్నప్పుడు, పది నిమిషాలకు. గిన్నె చప్పుడు చేసి పిలవండి, వచ్చిన వెంటనే పెట్టండి. రోజూ కొంచెం పెంచండి. పాత ఇంట్లో చేరిన వాళ్ళకు, పక్కింటివాళ్ళకు ముందే చెప్పి ఉంచండి: పిల్లి కనిపిస్తే జాలిపడి ఏమీ పెట్టకుండా మీకు ఫోన్ చేయమని. అక్కడ ఒక్క పూట అన్నం దొరికినా మర్నాడు మళ్ళీ అక్కడే ఉంటుంది.